ఉగ్గాని ఎవరు కొనాలి

శనివారం రాత్రి తిరుపాల్ తన మనుషుల పేర్లు తుడిచేశాడు. చచ్చినవాళ్ళవి కాదు, బతికున్నవాళ్ళవి.

రెండు వేల ఒకటిలో వాళ్ళంతా కలిసి ‘కండె’ను మొదలుపెట్టారు. కండె అంటే బెంగుళూరు ఆఫీసులు పారేసిన పాత కంప్యూటర్లలో కూడా నడిచే ఆపరేటింగ్ సిస్టం. తెర మీద అన్నీ తెలుగులోనే కనబడతాయి. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. ఎవరికి తీరిక ఉన్నప్పుడు వాళ్ళు ఒక ముక్క రాసి పంపుతారు. తిరుపాల్ చూసి బాగుందంటే లోపల చేరుతుంది. ఎవరికీ జీతం లేదు. హిందూపురంలో తిరుపాల్ నడిపే రిపేరు షాపులో ఒక మిషన్ ఉంది. రాసినవన్నీ అందులోనే ఉంటాయి. తలా ఒక గది అన్నట్టు, ఎవరి సరుకు వాళ్ళ పేరు కింద.

ఏడాదిన్నరగా ఆ గదుల్లోకి ఎవరూ రాలేదు. నెలకోసారి పెనుకొండలో స్నేహితుడు పౌలు పనిచేసే బళ్ళో జరిగే కూడికకూ వాళ్ళిద్దరు తప్ప ఎవరూ రాలేదు. పని చేయనివాడికి గది దండగ అనుకున్నాడు తిరుపాల్. గదులన్నీ తుడిచేశాడు. బయటినుంచి ఇంటర్నెట్ మీద మిషన్‌లోకి వచ్చే దారి కూడా మూసేశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి ఆదివారం. చిలమత్తూరు నుంచి ఒక రేషన్ డీలరు చెడిపోయిన కంప్యూటర్ తెచ్చాడు. దాని కడుపులో ఒక సీడీ ఇరుక్కుని ఉంది. పైన స్కెచ్ పెన్నుతో ‘కండె – ధర్మవరం’ అని రాసి ఉంది. తిరుపాల్ అలాంటి సీడీ ఎప్పుడూ చేయలేదు. పెట్టి చూశాడు. అది తన కండె కంటే త్వరగా లేచింది.

ఆ సాయంత్రం ఆరు కాగానే మిషన్ తనంతట తానే కండె మొత్తాన్ని కొత్తగా కూర్చుకునేలా ముందే పెట్టాడు. మధ్యాహ్నమే షట్టర్ దించి తాళం వేశాడు. ధర్మవరం ప్యాసింజర్ ఎక్కాడు.

ధర్మవరంలో యశోద ఇల్లు అతనికి తెలుసు. వచ్చింది ఒక్కసారే, ఆమె నాయన పోయినప్పుడు. యశోద వాళ్ళది నేతపని ఇల్లు. ఆమె కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. కండెలో తిరుపాల్ తరువాత ఎక్కువ పని చేసింది ఆమే. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా ఎందుకు మానేసిందని అతను ఎన్నడూ అడగలేదు. ఆడమనిషి, ఇంట్లో ఏదో ఉంటుందిలే అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు.

గడప ముందు చెప్పులు గుంపుగా పడి ఉన్నాయి. వాటిలో ఒక జతను అతను గుర్తుపట్టాడు. తెగిన పట్టీని నీలం నైలాను దారంతో కుట్టిన చెప్పులు. పౌలు చెప్పులు. వాటిని కుట్టించుకోకుండా కొత్తవి కొనుక్కోమని ఏడాదిగా ఎగతాళి చేస్తున్నది తనే.

ఇరవై ఏళ్ళ స్నేహితుడు. మొన్న పెనుకొండలో ఖాళీ బెంచీల మధ్య కూర్చుని, “ఎవురూ రాలేదబ్బా, ఏం చేద్దాం” అన్నవాడు.

లోపల మగ్గం గుంతలో కూర్చున్న ముసలామె నేత పలక ఆపి చూసింది. యశోద తల్లి నాగేంద్రమ్మ.

“ఏమప్పా, ఆడనే నిలబడుకున్నావు? ఎవురు కావాల?”

“యశోద ఉండాదా అవ్వా?”

“ఉండాది. ఉండేదేమి, ఊరంతా ఈడనే ఉండాది. చెప్పులు ఇడిసి రా. జాగ ఉంటే కూచో, లేకుంటే నిలబడు.”

హాలులో సగం మగ్గానిది. మిగతా సగంలో చెక్కల మీద మూడు కంప్యూటర్లు ఉన్నాయి. వాటి ముందు తిరుపాల్ రాత్రి తుడిచేసిన మనుషులు ఉన్నారు. అందరూ కాదు. చాలామంది. కింద పరిచిన పేపరు మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. చిలమత్తూరు లోకేష్ ప్లేట్లలో పెట్టి అందిస్తున్నాడు. వాడు బెంగుళూరులో ఏదో కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. “టైం దొరకడంల్యా అన్నా” అని రాసి పోయినవాడు.

ఎవరో ఏదో అన్నారు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. తిరుపాల్‌ను చూసి ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

పౌలు మాత్రం తల ఎత్తలేదు. ప్లేటులో బజ్జీని చిన్న చిన్న ముక్కలు చేస్తూ కూర్చున్నాడు.

“ఏమబ్బా పౌలూ,” అన్నాడు తిరుపాల్. “పెనుకొండలో దొరకని మనుషులు ధర్మవరంలో దొరికినారే.”

 యశోద లేచి నిలబడింది.

“రా అన్నా. కూచో.”

“కూచునేదానికి రాలేదు.” జేబులోంచి సీడీ తీసి ఆమె ముందు పెట్టాడు. “ఇదేంది?”

“కండె.”

“కండె నా దగ్గరుండాది.”

“నీ దగ్గరుండేది ఒకటి. మేం చేసుకుంటాండేది ఒకటి. నువ్వు రాసింది మేం తీసుకున్నాం, మేం రాసింది కావాలంటే నువ్వు తీసుకో. ఎవురైనా తీసుకోవచ్చని మొదట్లో చెప్పింది నువ్వే.”

“తీసుకోమన్నా. దొంగతనంగా తీసుకోమన్నానా? ఒక్క మాట చెప్పాలని తోచలేదా మీకు?”

“చెప్పినాం,” అంది యశోద. “మిషన్లు తక్కువ మెమొరీతో లేచేది నేను రాసి పంపినా. చూస్తా అన్నావు. నాలుగు నెలలు చూసినావు. ఒకరోజు తెరిస్తే అదే పని కండెలో ఉండాది, నేను రాసింది ఒక్క వరుస కూడా దాంట్లో లేదు. అంతా నువ్వు కొత్తగా రాసినావు. కింద ఒక మాట పెట్టినావు. ‘యశోదకు శ్రమ లేకుండా పూర్తి చేశాను’ అని.”

“దాంట్లో తప్పులుండె. నీకు మళ్ళ చెప్పి, నువ్వు మళ్ళ చేసి, అదంతా ఎందుకని...”

“తప్పులుంటే నాకు చెప్పల్ల కదన్నా.”

తిరుపాల్‌కు ఇది అన్యాయంగా తోచింది. రాత్రిళ్ళు మేలుకుని చేసింది ఎవరికోసం? గంగాదేవి పోయి రెండేళ్ళయింది. భార్య పోయిన ఇంట్లో రాత్రి ఎంత పొడుగ్గా ఉంటుందో ఈ పిల్లలకేం తెలుసు? నిద్ర రానప్పుడల్లా మిషన్ ముందు కూర్చున్నాడు. ఎవరి పని మిగిలి ఉంటే వాళ్ళది తనే చేశాడు. కండె ఆగిపోకూడదని చేశాడు. అలాగని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ ఇంట్లో ఇంకేం చేయాలో అతనికి తెలియలేదు.

“నా చేతిలో ఏడాదిన్నరగా కండె ఒక్కసారన్నా పడిపోయిందా?” అన్నాడు. “ఒక్కరన్నా ఉగ్గాని కొనాల్సొచ్చిందా? చెప్పండి.”

వాళ్ళలో వాళ్ళకు అదొక కట్టుబాటు. ఎవరు రాసిన ముక్క చేర్చితే సిస్టం పడిపోతుందో, వాళ్ళు ఆ నెల కూడికలో అందరికీ ఉగ్గాని బజ్జీ కొనాలి. పెనుకొండ బస్టాండు హోటలు నుంచి పొట్లాలు వచ్చేవి. తిన్నంతసేపూ కొన్నవాణ్ణి ఏడిపించేవాళ్ళు. తిన్నాక అందరూ కలిసి పడిపోయినదాన్ని లేపేవాళ్ళు. నాలుగేళ్ళలో తిరుపాల్ ఒక్కసారి కూడా కొనలేదు. అది అతని గర్వం.

 చివరికి పౌలు తల ఎత్తాడు.

“పనిచేసేవాడుంటే కదబ్బా పడగొట్టేది.”

“అంటే?”

“అంటే ఏముండాది? ఉగ్గాని ఆగిపోయిన నెలే నాకు భయమేసింది. నువ్వేమో మిషన్ గట్టిపడిందని సంబరపడితివి. ఖాళీ ఇంట్లో గిన్నెలు పగలవు, తిరుపాలూ.”

నాగేంద్రమ్మ మగ్గం పలక మళ్ళీ ఆడసాగింది. ఎవరి గొడవ వాళ్ళు పడనీ అన్నట్టు.

“ఈ వారం ఎవరు పడగొట్టినారు?” అని అడిగాడు తిరుపాల్. గొంతులో వెటకారం ఉంది.

“నేనే అన్నా,” అన్నాడు లోకేష్. “పోయిన వారం యశోదక్క. అంతకుముందు పౌలు సార్. సార్ పడగొడితే మూడు మిషన్లూ ఒకేసారి పండుకున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు వచ్చినా లేపలేడనుకున్నాం.”

ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. పౌలు కూడా.

“ఇట్ల వారవారం పడిపోయేదాన్ని జనానికి ఎట్ల ఇస్తారు?”

“పడింది మాకాడ పడతాది. లేపినాకనే జనానికి ఇస్తాం,” అంది యశోద. “పడినదాన్ని లేపేదానికే వీళ్ళు రైలెక్కి వచ్చేది. నీ కాడ లేపేదానికి ఏమీ ఉండదు. చూసి చప్పట్లు కొట్టాల, అంతే.”

తిరుపాల్ లోకేష్ వైపు తిరిగాడు. “నీకేం చేసినాన్రా నేను? నిన్ను ఒక్క మాటన్నా అన్నానా?”

“అనలేదన్నా.”

“మళ్ళ?”

లోకేష్ చేతిలో ప్లేటు కింద పెట్టాడు. వాడికి ఈ మాట చెప్పడం ఇష్టం లేదు. అయినా చెప్పాడు.

“కరెంటు పోయి వస్తే గడియారం తప్పు చూపిస్తాండె. అది నేను చేస్తానని అందరికీ రాసినా. నాకు రాదు, నేర్చుకుంటా చేద్దామని. తెల్లారి చూస్తే నువ్వు చేసేసినావు. సరే, ఆపేటప్పుడు మిషన్ కీచుమంటాది, అది పట్టుకున్నా. అదీ చేసేసినావు. మూడోది కూడా. ప్రతిసారీ మంచిగనే రాస్తివి, ‘అయిపోయింది, నువ్వు కష్టపడనక్కర్లేదు’ అని. నేను తప్పు చేసుంటే తిట్టుండొచ్చు కదన్నా. తిట్టినా ఉండేవాణ్ణి. ఏం చేసేదానికీ లేకుండా ఎట్ల ఉండేది?”

తిరుపాల్ గోడకు ఆనుకున్నాడు. కూర్చోమని ఎవరూ మళ్ళీ అనలేదు.

“ముందు ఇట్ల లేదు,” అన్నాడు నెమ్మదిగా. “మొదట్లో అందరూ చేస్తాండిరి. అప్పుడూ నేనే కదా ఉండేది.”

“అప్పుడు గంగక్క ఉండె,” అన్నాడు లోకేష్.

గంగాదేవి షాపులో కౌంటరు దగ్గర కూర్చునేది. కండె వాడేవాళ్ళు వచ్చి చెప్పే ఫిర్యాదులు, ఫోనులో చెప్పేవి, అన్నీ మొదట ఆమె చెవినే పడేవి. పదో తరగతి చదివింది. తిరుపాల్ లెక్కలో ఆమె చేసే పని ఫోనెత్తడం, టీ తెప్పించడం.

“గంగక్కకు, దీనికి ఏం సంబంధం?”

లోకేష్ యశోద ముఖం చూశాడు. ఆమె చెప్పు అన్నట్టు తల ఊపింది.

“పెద్ద చిక్కులు వస్తే నీకు చెప్పేది. చిన్నవి వస్తే మాకు ఫోన్ చేసేది. ‘ఇది మీ అన్నకు చెప్పద్దు నాయనా. చెబితే ఒక్క పూటలో చేసి పారేస్తాడు. నువ్వు పట్టుకో, నిదానంగా చెయ్యి, వారం పట్టినా పర్వాలేదు, నేను ఎట్లో సర్దుతా’ అనేది. ‘ళ’ అక్షరం ప్రింటులో రాదని మడకశిర ఆయన చెప్పింది గుర్తుండాదా? అది నాకిచ్చింది గంగక్కనే. నేను చేసిన మొదటి పని అదే.”

తిరుపాల్‌కు గుర్తుంది.

మడకశిర నుంచి వచ్చినాయన కౌంటరు ముందు నిలబడి, “పది దినాల ముందే మీ ఇంటావిడకు చెప్తిని కదప్పా” అన్నాడు. తిరుపాల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆయన ఎదుటే భార్య మీద అరిచాడు. “నీ బుర్రలో ఒక్క మాటన్నా నిలబడదా? ఈడ కూచునేది ఎందుకు, ఈగలు తోలేదానికా?” అన్నాడు. గంగాదేవి “మరిచిపోయినా” అంది. మడకశిర ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆ పొద్దంతా మళ్ళీ మాట్లాడలేదు. అతనూ పలకరించలేదు. ఆ తరువాత కూడా ఎన్నోసార్లు ఆమె మరిచిపోయింది. ఎన్నోసార్లు అతను అరిచాడు. ఆమెకు మతిమరుపని పౌలుతో చెప్పి నవ్వాడు కూడా. అప్పుడు పౌలు నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసివచ్చింది.

“నీకూ తెలుసా?” అని అడిగాడు పౌలును.

“అందరికీ తెలుసబ్బా. నీకు తప్ప.”

మగ్గం ఆగింది. నాగేంద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

తిరుపాల్ ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళకు సులువయ్యేది, దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు. అతను గోడ దగ్గరే నిలబడి మనసులో లెక్క వేసుకున్నాడు. ఆమె పోయాక ఫిర్యాదులన్నీ నేరుగా తన దగ్గరికే వచ్చాయి. ఆమె దాచిపెట్టినవి, పిల్లల చేతుల్లో సగంలో ఉన్నవి, అన్నీ బయటపడ్డాయి. ఇన్ని పనులు మరిచిపోయిందే మహాతల్లి అని విసుక్కుంటూ ఒక్కొక్కటే పూర్తిచేశాడు. ఆమె వదిలిపెట్టిన బాకీ తీరుస్తున్నానని అనుకున్నాడు. నాలుగేళ్ళు ఆమె కూర్చి పెట్టిన మనుషులను ఆరు నెలలు తిరక్కుండా చెదరగొట్టాడు. దానికి రాత్రిళ్ళు నిద్ర కూడా మానుకున్నాడు.

అతను జీవితంలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

“నాకేమన్నా పని ఉండాదా ఈడ?”

 లోకేష్ నోట్లో ముద్ద అలాగే ఉంది. యశోద, పౌలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో కోపం లేదు. ఎప్పటినుంచో కాచుకున్న బస్సు మలుపు తిరిగి కనబడినట్టు చూసుకున్నారు.

“ఉండాది,” అంది యశోద. “రెండేళ్ళుగా ఉండాది. నువ్వు అడిగిన రోజు ఇయ్యమంది. అడగకపోతే ఇయ్యొద్దంది.”

“ఎవరు?”

“గంగక్క.”

యశోద ఒక కంప్యూటర్ ముందునుంచి మనిషిని లేపి తిరుపాల్‌ను కూర్చోబెట్టింది. నిలబడే చెప్పింది.

“రెండో ఆదివారం మీరంతా బళ్ళో వాదులాడుకుంటాంటే గంగక్క నన్ను పక్క గదిలోకి పిలుచుకుపోయి నేర్పమనేది. ఏడాది నేర్చుకునింది. తనే ఒకటి రాసింది. కొత్తగా ఎవురన్నా కండెకు వస్తే పేరడిగి, వాళ్ళకు తగిన చిన్న పని చూపిస్తాది. తను కౌంటరులో చేసేదే. తను లేకున్నా జరగాలని. బాగలేనప్పుడు రాసింది కదా, పూర్తి కాలేదు. ముగ్గురం తలా ఒక ముక్క దాచిపెట్టినాం. ఒక్కరికాడ పెడితే నీ చేతికి చిక్కి మొత్తం తిరగరాస్తావంది.”

తిరుపాల్ మీట నొక్కాడు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. అచ్చు తప్పులు ఉన్నాయి. ‘మీ పేరు చెప్పండి’ అనడానికి బదులు ‘మీ పేరు చపండి’ అని ఉంది. అతని వేలు అలవాటు కొద్దీ తప్పు దిద్దడానికి కదిలింది. యశోద చూసింది. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు.

తన పేరు కొట్టాడు. తిరుపాల్.

కొంచెం ఆగి జవాబు వచ్చింది.

‘మీకు పని లేదు. లేచి అన్నానికి రండి.’

మిగతావాళ్ళు వెనక నిలబడి చూస్తున్నారు. వాళ్ళూ ఇది మొదటిసారి చూడటం. వేరే పేరు కొడితే ఈ మాట రాదు.

గంగాదేవిది రోజూ ఆ మాటే. కంచం పెట్టి, చల్లారిపోతోందని రెండోసారి పిలిచి, వంటింటి గుమ్మంలో నిలబడి. అతను తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి ఎత్తేవాడు. చెయ్యి ఎత్తాడంటే గమ్మునుండమని. ఒక్కోసారి ఆమె “ఇంకొక మాట” అని మొదలుపెట్టేది. దానికీ ఎత్తిన చెయ్యే జవాబు.

తెర మీద ఇంకో వరుస వచ్చింది.

‘ఇంకొక మాట ఉంది. చెప్పమంటారా? అవును / వద్దు.’

తిరుపాల్ అవును అని నొక్కాడు.

తెర ఒక్కసారిగా నల్లబడింది. దానికి కలిపి ఉన్న పక్క రెండు కంప్యూటర్లూ దానితోపాటే నిలిచిపోయాయి. సిస్టం పడిపోయింది.

ఎప్పుడూ ఇలాంటప్పుడు కేకలు, నవ్వులు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తిరుపాల్ కాసేపు ఆ నల్లటి గాజులో తన ముఖమే చూసుకున్నాడు. తరువాత జేబులో చెయ్యి పెట్టి లేచాడు.

“ఉగ్గాని నేను తెస్తా,” అన్నాడు. “ఈడ మంచిది యాడ దొరుకుతాది?”

ఎవరో ముక్కు చీదారు. లోకేష్ అన్నాడు. “కూచో అన్నా. ముందు లేపుదాం. ఎందుకు పడిందో తెలుస్తానే ఉండాది కదా. చెప్పాల్సిన మాట వేరే ముక్కలో ఉండాది. అది దొరక్క పడిపోయింది.”

“మూడు ముక్కలన్నారు కదా. ఈ మిషన్‌లో ఎన్నుండాయి?”

“రెండు,” అంది యశోద. “నాది, లోకేష్‌ది. మూడోది పౌలు సార్ కాడుండాది. సార్, ఇంక ఇవ్వచ్చు కదా. అడిగినాడు కదా.”

అందరూ పౌలు వైపు తిరిగారు. అతని ముఖంలో సంతోషం ఉంది. ఇరవై ఏళ్ళ స్నేహితుడికి ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేయబోతున్న మనిషి ముఖం.

“ఇస్తా. ఇయ్యకుండా యాడికి పోతా?” అన్నాడు పౌలు. “బళ్ళో మిషన్లు నమ్మేదానికి లేదు. పిల్లోళ్ళు ఏదంటే అది తుడిచేస్తారు. అందుకని భద్రంగా నీ కాడనే పెట్టినా తిరుపాలూ. హిందూపురంలో, నీ షాపులో, నా గదిలో.”

తిరుపాల్ మళ్ళీ కూర్చున్నాడు.

“రెండేళ్ళు నీ ముక్కు కిందనే ఉండాది. నువ్వు ఒకరి గదిలోకి తొంగిచూసే రకం కాదని గంగమ్మే చెప్పింది. యశోదా, ఈడినుంచే దాంట్లోకి పో, నా పేరు కొట్టు.”

“పోలేవు,” అన్నాడు తిరుపాల్.

“ఎందుకు?”

“రాత్రి మూసేసినా. బయటినుంచి ఎవురూ రాకుండా.”

“సరే, నువ్వు తెరువు.”

“నాకూ రాదు. అందరికీ మూసినా.” అతను పౌలు ముఖం చూడలేక, అతని చేతిలోని ప్లేటును చూస్తూ చెప్పాడు. “అంతే కాదబ్బా. గదులు తుడిచేసినా. నీది కూడా.”

బజ్జీ ముక్క పౌలు చేతిలోంచి జారి ప్లేటులో పడింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది, ఎందుకంటే మగ్గం మళ్ళీ ఆగి ఉంది.

లోకేష్ ముందు తేరుకున్నాడు. “తుడిచినది వెంటనే పోదు కదన్నా. దాని మీద కొత్తది రాసేదాకా అడుగున ఉంటాది. వెతికి తీయొచ్చు. మిషన్ ఆపేసే వచ్చినావు కదా?”

“నడుస్తాండాది.”

“నడిచినా పర్వాలేదు. పెద్దపని ఏదీ చేయకుంటే చాలు.”

“ఆరింటికి మొత్తం కొత్తగా కూర్చమని పెట్టొచ్చినా,” అన్నాడు తిరుపాల్. “ఖాళీ అయిన జాగా అంతా నింపుతాది.”

యశోద గోడ గడియారం చూసింది. నాలుగున్నర దాటింది. హిందూపురం వెళ్ళే ప్యాసింజర్ ఇంకా రాలేదు. వచ్చినా పెనుకొండ మీదుగా ఈడ్చుకుంటూ పోయేసరికి ఏడవుతుంది. కారు మాట్లాడినా ఆరులోపల చేరడం కష్టమే.

“పక్క షాపాయనకు ఫోన్ చెయ్యన్నా. ఇంకో తాళంచెవి ఉంటాది కదా, తీసి మిషన్ ఆపమను.”

తిరుపాల్ జేబులోంచి తాళంచెవి తీశాడు. షాపుకు ఉన్న తాళంచెవి అదొక్కటే, ఎవరూ పగలగొట్టలేకుండా తాళం షట్టర్ లోపలే పెట్టించాడు. రెండోది గంగాదేవి నడుముకు ఉండేది. ఆమె పోయాక దాన్ని ఎవరికి ఇవ్వాలో తోచక, ఎవరి మీదా నమ్మకం కుదరక, మిషన్ పక్కనే సొరుగులో పడేశాడు.

“బయట మెయిన్ తీసేయమను,” అన్నాడు పౌలు.  “కరెంటు పోతే ఆగిపోతాది కదా.”

రోజూ కరెంటు పోయే ఊరు హిందూపురం. దాన్ని తిట్టని రోజు లేదు. ఈ సాయంత్రం పోతే బాగుండునని తిరుపాల్ మొదటిసారి కోరుకున్నాడు. కానీ పోయినా ప్రయోజనం లేదు. మిషన్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదని, లోపల పెద్ద బ్యాటరీ పెట్టింది తనే.